ఒక లీటరు – ఒక ఆదివారం
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"పెరుగుతున్న పెట్రోలు ధరలు – సామాన్య వాహనదారుడు" అనే విషయం మీద పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను ఆర్థిక శాస్త్రం చదివినవాణ్ణి కాను. ముప్పై మూడేళ్ళు అకౌంట్సు సెక్షనులో లెక్కలు రాసి రిటైరయినవాణ్ణి. కనుక అంకెలు కాస్త ఎక్కువ దొర్లితే మన్నించాలి. ఈ విషయం మీద మాట్లాడటానికి నాకున్న అర్హత ఒక్కటే: నా దగ్గర ఒక పాత స్కూటరుంది. దానికి ప్రతి నెలా నా పింఛనులోంచే పెట్రోలు పోయిస్తున్నాను.

పెట్రోలు ధర పెరగడం మనకు కొత్త కాదు. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు సరఫరాకు కళ్ళెం వేసినప్పుడు, మూడు డాలర్ల దగ్గరున్న పీపా ముడి చమురు కొద్ది నెలల్లోనే పన్నెండు డాలర్ల దాకా ఎగబాకింది. ఆ ఏడాది నవంబరులో పెట్రోలు ధరల పెంపుకు నిరసనగా వాజ్‌పేయిగారు ఎడ్లబండి మీద పార్లమెంటుకు వెళ్ళిన సంగతి ఇక్కడున్న పెద్దలకు గుర్తుండే ఉంటుంది. తరువాత 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లో అడుగుపెట్టింది. ఆ అక్టోబరులోనే మనకు "గల్ఫ్ సర్‌చార్జి" వచ్చిపడింది.

ఆ రోజుల్లో ధర పెరుగుతుందంటే అదొక పెద్ద వార్త. "ఈ అర్ధరాత్రి నుంచి" అనే మాట రేడియోలో వినబడగానే స్కూటర్లన్నీ బంకు ముందు బారులు తీరేవి. రెండు లీటర్లు పాత ధరకు పట్టించుకున్నవాడు యుద్ధం గెలిచినట్టు ఇంటికి వచ్చేవాడు. ఆ జాబితాలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు ఆ హడావుడి లేదు. 2010 జూన్‌లో పెట్రోలు మీద, 2014 అక్టోబరులో డీజిలు మీద ప్రభుత్వ ధరల నియంత్రణ ఎత్తివేశారు. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా ప్రతిరోజూ ధర సవరించే పద్ధతి వచ్చింది. రోజుకు పది పైసలు, ఇరవై పైసలు పెరిగితే పోట్లాడేదెవరు? చీమలు బెల్లం మోసుకుపోయినట్టు చప్పుడు లేకుండా పోతుంది. 2021 జూన్‌లో హైదరాబాదులో లీటరు వంద రూపాయలు దాటింది. 2022 ఏప్రిల్ నాటికి 119 రూపాయల 49 పైసలకు చేరింది. తగ్గింపులన్నీ అయిన తరువాత, 2024 మార్చిలో 107 రూపాయల 41 పైసల దగ్గర నిలిచింది.

ఈ 107 రూపాయల్లో ఏముందో ఒకసారి చూద్దాం. అప్పటికి కేంద్రం ఎక్సైజు సుంకం లీటరుకు 19 రూపాయల 90 పైసలు. తెలంగాణలో వ్యాట్ 35.2 శాతం, అంటే సుమారు 28 రూపాయలు. రెండూ కలిపితే దాదాపు 48 రూపాయలు. వంద రూపాయల పెట్రోలు పోయిస్తే అందులో నలభై అయిదు రూపాయలు పన్నులే అన్నమాట. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న మన సభ్యులు సంతోషించనక్కరలేదు. అక్కడ 31 శాతం వ్యాట్, ఆ పైన లీటరుకు నాలుగు రూపాయలు, ఆ పైన రోడ్ల సెస్సు మరో రూపాయి.

ఇందులో ఒక మెలిక ఉంది. ఎక్సైజు సుంకం లీటరుకు ఇంత అని ఉంటుంది. వ్యాట్ మాత్రం శాతం లెక్క. అదీ ఎక్సైజు కలిసిన ధర మీద వేస్తారు, అంటే పన్ను మీద పన్ను. ముడి చమురు ధర పెరిగితే ఎవరూ చెయ్యి ఎత్తకుండానే వ్యాట్ కూడా పెరుగుతుంది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు పెట్రోలును, డీజిలును అందులోంచి బయట ఉంచారు. కేంద్రానికీ రాష్ట్రాలకూ ఇది నిలకడైన రాబడి గనుక వదులుకోవడం ఎవరికీ తేలిక కాదు. ఆ డబ్బుతోనే రోడ్లు వేస్తారు, జీతాలిస్తారు, మన పింఛన్లూ ఇస్తారు. ఆ మాట కూడా న్యాయంగా ఒప్పుకోవాలి.

నా అభ్యంతరం మరొకటి. 2020 వసంతంలో లాక్‌డౌన్ కారణంగా ప్రపంచమంతటా ముడి చమురు ధర కూలిపోయింది. ఏప్రిల్ 20న అమెరికాలో ఒక రకం చమురు ధర సున్నా కంటే కిందికి దిగింది. ఆ లాభం మన బంకుల దాకా రాలేదు. మార్చిలో లీటరుకు మూడు రూపాయలు, మే నెలలో పెట్రోలు మీద పది రూపాయలు, డీజిలు మీద పదమూడు రూపాయలు ఎక్సైజు పెంచారు. బంకులో ధర పెరగలేదు నిజమే, తగ్గవలసింది తగ్గలేదు. తరువాత ముడి చమురు కోలుకున్నప్పుడు, ఆ పెరుగుదల ఈ పెంచిన సుంకం మీద వచ్చి కూర్చుంది. 2021 నవంబరులో అయిదు, 2022 మేలో ఎనిమిది రూపాయలు పెట్రోలు మీద తగ్గించేదాకా ఆ బరువు మనమే మోశాం.

సరిగ్గా ఆ కాలంలోనే కేంద్ర పింఛనుదారులకు 2020 జనవరి, 2020 జూలై, 2021 జనవరి, ఈ మూడు వాయిదాల కరవు సహాయం నిలిపివేశారు. 2021 జూలై నుంచి పునరుద్ధరించారు గాని ఆ పద్దెనిమిది నెలల బకాయి ఇవ్వలేదు. ధరను ఏ రోజుకారోజు మార్చవచ్చు. కరవు సహాయం ఆరు నెలలకొకసారి, అదీ గడిచిపోయిన నెలల సూచీ సగటు కట్టి ఇస్తారు. రాష్ట్ర పింఛనుదారుల వాయిదాల సంగతి ఈ సభలో నేను చెప్పనక్కరలేదు. ఇక 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం కింద ఉన్నవారికి ఆ పాటి ఆసరా కూడా లేదు. వారి కనీస పింఛను 2014 సెప్టెంబరులో వెయ్యి రూపాయలుగా నిర్ణయించారు. అప్పటికీ ఇప్పటికీ పెట్రోలు ఎంత పెరిగిందో వారినడిగితే చెబుతారు.

సోదరులారా, డీజిలు పెరిగితే లారీ యజమాని కిరాయి పెంచుతాడు. మదనపల్లె నుంచి వచ్చే టమాటా మీద షావుకారు ఆ కిరాయి వేస్తాడు. ఆటో అబ్బాయి మరో ఇరవై ఇమ్మంటాడు. వారిని తప్పు పట్టను, వారి కడుపు వారిది. ప్రతివాడూ తన భారాన్ని పక్కవాడి మీదికి తోస్తాడు. ఆఖర్న నిలబడ్డవాడు ఎవరి మీదికి తొయ్యాలి? మనం వరుసలో ఆఖర్న ఉన్నాం. మనతోబాటు, సొంత పెట్రోలు పోసుకుని ఇంటింటికీ భోజనం పొట్లాలు చేరవేసే మా వీధి కుర్రాడూ ఉన్నాడు.

తొయ్యడానికి వీలులేనివాడు ఏం చేస్తాడు? తిరగడం తగ్గిస్తాడు. నేనూ అదే చేశాను. ఆ సంగతి చెప్పాలనే ఇవాళ ఈ మైకు ముందుకు వచ్చాను.

నాతోబాటు ఇరవై రెండేళ్ళు పక్క టేబుల్ మీద పనిచేసిన మిత్రుడొకాయన మెహదీపట్నంలో ఉండేవారు. మా ఇల్లు వనస్థలిపురం. రిటైరయ్యాక ప్రతి ఆదివారం పొద్దున్నే వారింటికి వెళ్ళడం నాకు అలవాటు. రానుపోను, సందుగొందులతో కలిపి, నా ముసలి స్కూటరు సుమారు ఒక లీటరు తాగేది. ఒక లీటరు అంటే ఒక ఆదివారం. 2021లో లీటరు వంద దాటాక, నా అకౌంట్సు బుర్ర ఊరుకోలేదు. "నెలకు నాలుగు లీటర్లు, మందుల షాపు వాడికి ఆ నాలుగు వందలు వస్తాయి కదా" అని లెక్క వేసింది. వారం విడిచి వారం వెళ్ళాను. తరువాత నెలకొకసారి. తరువాత పండగలకు. "ఫోనుందిగా" అనుకున్నాను.

ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మాట పడిపోయినవారికి ఫోనెందుకు? నేను చేస్తే వాళ్ళావిడ చెవి దగ్గర పెట్టేది. నేనే మాట్లాడేవాణ్ణి, అవతల ఊపిరి వినబడేది. ఆయన పోయిన పదకొండో రోజున ఆమె నాతో అన్నమాట ఇది: "అన్నయ్యగారూ, ఆదివారం వస్తే పొద్దున్నే గేటు దగ్గర కుర్చీ వెయ్యమని సైగ చేసేవారు. స్కూటరు చప్పుడు వినబడితే తల తిప్పేవారు."

నేను ఆ డబ్బు భరించలేక మానలేదు. పెట్రోలు పెరిగిన ప్రతిసారీ ఒక లెక్క వేసి, ఆ లెక్కను బుద్ధిమంతుడి లెక్క అనుకుని మానేశాను. నెలకు నాలుగు వందలు మిగిలాయి. ఏం మిగిలాయో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

అందుకని కొన్ని మనవులు. మొదటివి చిన్నవి. టైర్లలో గాలి పదిహేను రోజులకొకసారి చూపించండి. సిగ్నలు దగ్గర ఇంజను ఆపండి. బంకులో మీటరు సున్నా చూశాకే పోయించండి. అనుమానం వస్తే అయిదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమని అడిగే హక్కు మనకుంది, మొహమాటపడకండి. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చాక పాత బండ్లకు మైలేజి కొంత తగ్గుతుంది, ఎందుకంటే పెట్రోలుతో పోలిస్తే ఇథనాల్‌లో శక్తి మూడో వంతు తక్కువ. బండి పాడైందని కంగారుపడి మెకానిక్కుకు వేలు పొయ్యకండి, రబ్బరు గొట్టాలు మాత్రం ఒకసారి చూపించండి. వీలైనచోట బస్సెక్కండి. తెలంగాణలో 2023 డిసెంబరులో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైనప్పటి నుంచి మా ఇంట్లో బయటి పనులన్నీ మా ఆవిడే చక్కబెడుతోంది. నేను టికెట్టు కొనుక్కుని వెనకాల వెళుతున్నాను.

రెండోది, సంఘం తరఫున విన్నపం. కరవు సహాయం ఏ వాయిదాకావాయిదా సకాలంలో విడుదల చేయాలనీ, ముడి చమురు తగ్గినప్పుడు ఆ తగ్గుదల బంకు దాకా రావాలనీ మన మహజరులో చేర్చాలి.

మూడోది నాకు ముఖ్యం. మన సభ్యుల్లో మంచం పట్టినవారి జాబితా పేటలవారీగా తయారు చేద్దాం. ఒక పేట నుంచి ఒక బండి లేదా ఒక కారు. బండి ఉన్నవారు బండి ఇవ్వాలి, లేనివారు పెట్రోలులో వంతు వేసుకోవాలి. ఇద్దరం కలిసి వెళితే లీటరు అరలీటరవుతుంది, నలుగురం కారులో వెళితే ఖర్చు నాలుగు వాటాలవుతుంది. నెలకు నాలుగు లీటర్ల ఖర్చు నా వంతుగా నేను ఇస్తాను. ఆ డబ్బు నా దగ్గర ఊరికే మిగిలి ఉంది.

ధరలు తగ్గించడం మన చేతిలో లేదు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నవారి దగ్గరకు వెళ్ళడం మన చేతిలో ఉంది. వచ్చే ఆదివారం వనస్థలిపురం నుంచి నా స్కూటరు బయలుదేరుతుంది. వెనక సీటు ఖాళీగా ఉంది. రాదలచినవారు సభ ముగిశాక నాకు పేరివ్వండి.