వసతిగృహమును, నగరపు రాత్రియు



1918లో హైదరాబాదున రెడ్డి హాస్టలు వెలసెను. అట్టి కుల వసతిగృహములే పల్లెబాలురకు నగరమున నీడనిచ్చినవి; మనదియు అట్టిదే. అయినను రాత్రి తొమ్మిదింటికే తలుపు మూయుట మాకు సమ్మతము కాదు. రంజాను మాసమున చార్మినారు వీథులు తెల్లవాఱుదాఁక మేలుకొనియుండును. హలీము బట్టీలయొద్ద జనము క్రిక్కిఱిసి నిలుతురు. ఇరానీ హోటలులో నలుగురొక బల్లచుట్టును కూర్చుండి, ఉస్మానియా బిస్కత్తును చాయలో ముంచుకొనుచు గడియలకొలఁది ముచ్చటింతురు. అచ్చట ప్రక్కవాని కులమెవ్వరును అడుగరు. ఒక్క కులమువారి నడుమనే పెరుగు మన బాలురకు ఈ పాఠము మఱి యెచ్చట దొరకును? చదువు చెడునని పెద్దల భయము. పరీక్షల దినములలో అది న్యాయమే. తక్కిన శనివారములందు పదునొకండు గంటలవఱకు ద్వారము తెఱచియుంచవలెనని కార్యవర్గమువారిని కోరుచున్నాము.