లాబాను అడిగిన మంచి ప్రశ్న

ఆళ్లగడ్డ, నంద్యాల ప్రాంతములలో ఈ వర్తమానము వింటున్న మీతో ఈ దినమున జీతం గురించి మాట్లాడాలని ఆశిస్తున్నాను. మన ఇళ్లకు, అంగళ్లకు సరుకులు చేర్చే డ్రైవర్ల జీతం గురించి.

"డ్రైవర్లు నిలబడటం లేదయ్యగారూ" అని బండ్లున్న వ్యాపారులు అంటుంటారు. ఎందుకు నిలబడటం లేదు? ఒక్కసారి ఆలోచించండి. 40వ నంబరు జాతీయ రహదారి మన ఊరి మీదుగానే పోతుంది. అటు నంద్యాల, కర్నూలు. ఇటు మైదుకూరు, కడప. లైసెన్సు చేతికి వచ్చిన కుర్రవానికి బెంగళూరైనా, హైదరాబాదైనా ఒక రాత్రి ప్రయాణమే. కాబట్టి మీరిచ్చే జీతాన్ని అతడు పక్క అంగడి జీతంతోనే పోల్చుకోడు, ఆ నగరాల జీతంతో కూడా పోల్చుకుంటాడు.

ఆదికాండము 29వ అధ్యాయము 15వ వచనము చూడండి. యాకోబు తన మేనమామ లాబాను ఇంట నెల రోజులున్నాడు. అప్పుడు లాబాను అతనిని పిలిచి, బంధువు కదా అని ఉచితంగా పని చేయనక్కరలేదు, నీకేం జీతం కావాలో నీవే చెప్పమన్నాడు. ఎంత మంచి ప్రశ్న! పనివాణ్ణి అడిగి జీతం ఖాయం చేసే యజమానులు మనలో ఎందరున్నారు? లాబాను తప్పు ఆ ప్రశ్నలో లేదు. ఆ తరువాత నడిచిన నడతలో ఉంది. 31వ అధ్యాయములో యాకోబు తన 20 సంవత్సరముల కష్టాన్ని లెక్క అప్పజెప్పాడు. అందులో మూడు సంగతులు గమనించండి.

మొదటిది, మాట మార్చడం. లాబాను తన జీతాన్ని పదిసార్లు మార్చాడని యాకోబు బాధపడ్డాడు. నేడు ఏం జరుగుతోంది? నెలకు ఇంత అని పిలుస్తారు. చేరిన తరువాత బత్తా కూడా అందులోనే అంటారు. డీజిలు పెరిగిందని ఒక నెల, వ్యాపారం లేదని మరొక నెల కోత పెడతారు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం మరుసటి నెల 7వ తేదీ లోపల చేతికి అందాలి. పని మానుకున్న వానికి రెండు పనిదినములలో లెక్క తీర్చాలి.

రెండవది, నష్టాన్ని పనివాని నెత్తిన వేయడం. మృగాలు చంపిన గొర్రెకు కూడా యాకోబే నష్టం పెట్టుకున్నాడు. పగిలిన సీసాలు, చిరిగిన మూటలు, పేలిన టైరు, అన్నీ డ్రైవరు జీతంలోనే పట్టుకుంటే అది లాబాను లెక్క కాదా? నష్టం అతని నిర్లక్ష్యం వలన జరిగిందని తేలాలి, అతడు చెప్పేది వినాలి. అప్పుడే కోత పెట్టవచ్చునని చట్టం చెబుతోంది.

మూడవది, నిద్ర. పగలు ఎండకు, రాత్రి చలికి క్షీణించి, నిద్రకు దూరమయ్యానన్నాడు యాకోబు. తెల్లవారుజామున పాల వ్యాను, రాత్రికి బియ్యం లోడు ఒకే మనిషికి అప్పగిస్తే ఆ రోడ్డు మీద ఎవరి ప్రాణాలు పోతాయో చెప్పలేము. అదనపు గంటలకు రెట్టింపు రేటు కట్టాలని చట్టమే అంటోంది. ఆ డబ్బు ఇచ్చినా సరే, విశ్రాంతి కూడా ఇవ్వాలి.

"అంత జీతం మాకు గిట్టదండీ" అంటారేమో. ఒక లెక్క వేద్దాం. మీరు 15,000 ఇస్తున్నారు, వేరొకరు 17,000 ఇస్తామన్నారు అనుకుందాం. 2,000 దగ్గర మీ డ్రైవరు వెళ్లిపోయాడు. కొత్తవాడు దొరికేలోగా బండి నాలుగు రోజులు నిలిచింది. రోజుకు 1,500 రాబడి పోయినా 6,000 పోయినట్టే. అంటే మూడు నెలల తేడా నాలుగు రోజుల్లో పోయింది! ఇక సిరివెళ్లలో ఏ అంగడి ఎప్పుడు తెరుస్తారో, చాగలమర్రిలో ఎవరి బాకీ ఎంతో కొత్తవానికి ఎవరు నేర్పాలి?

కొందరు పెద్ద అడ్వాన్సు ఇచ్చి, లైసెన్సు తమ వద్ద పెట్టుకొని డ్రైవరును ఆపాలని చూస్తారు. అప్పుతో కట్టేసిన మనిషి సమయం కోసం ఎదురుచూస్తాడు. లాబాను గొర్రెల బొచ్చు కత్తిరించ వెళ్లిన సమయాన యాకోబు వెళ్లిపోయాడు. లాబానుకు మూడవ దినమున గాని తెలియలేదు. వెంటపడి పట్టుకొని, చెప్పి ఉంటే పాటలతో, వాద్యాలతో సాగనంపేవాడినే అన్నాడు! ఇరవై ఏళ్లు జీతం సరిగా ఇవ్వనివాడు వీడ్కోలుకు మేళం పెడతానన్నాడు. మనమూ అంతే. ఉన్నప్పుడు వంద పెంచము, వెళ్లేటప్పుడు శాలువా కప్పుతాము.

వాయిదాలు కట్టుకుంటూ ఒకే బండితో బ్రతికే చిన్న యజమానీ, నీ కష్టం ప్రభువు ఎరుగును. నగరమంత జీతం నీవు ఇవ్వలేకపోవచ్చు. అయితే ఇవ్వగలిగినది ముందే నిజంగా చెప్పు. బత్తా వేరుగా కాగితం మీద రాసి ఇవ్వు. ఆదివారం సెలవు ఇవ్వు. ప్రతి సాయంత్రం ఇల్లు చేరి పిల్లలను చూసుకునే పని, తేదీ తప్పని జీతం ఉంటే, రెండు వేలు తక్కువైనా ఉండిపోయేవారు ఉన్నారు. దానిని అలుసుగా తీసుకోవద్దు. ఏడాదికొకసారి పక్క ఊళ్లలో ఎంత ఇస్తున్నారో నీవే విచారించి, అతడు అడగకముందే పెంచు.

కొనేవారమైన మన సంగతేమిటి? 2025 డిసెంబరు 25న మనం క్రిస్మస్ ఆరాధనలో ఉన్నాము. అదే దినమున యాప్‌ల కోసం డెలివరీ చేసే కార్మికులు న్యాయమైన చెల్లింపు కోరుతూ దేశంలో పలుచోట్ల సమ్మెకు దిగారు. వారి మొర మన పాటల మధ్య వినబడిందా? గ్యాస్ సిలిండరు బిల్లులోనే ఇంటికి చేర్చే ఖర్చు కలిసి ఉంటుంది. మోసుకొచ్చిన అబ్బాయి పైన పది రూపాయలు అడిగితే కసురుకుంటాము. ఆ ఖర్చులో అతనికి ఎంత అందుతోందని ఏజెన్సీని ఎన్నడైనా అడిగామా?

చివరిగా, సంఘ పెద్దలారా! మన బడి బస్సు నడిపే సహోదరుని పనిని సేవ అని పిలిచి జీతం తగ్గించవద్దు. సేవ అతడు దేవునికి చేసుకునేది. జీతం మనం అతనికి బాకీ పడినది. ఎగ్గొట్టిన కూలి మొర దేవుని చెవిని చేరుతుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయము 4వ వచనము హెచ్చరిస్తున్నది.

ప్రియులారా, ఈ వారంలోనే మీ డ్రైవరును కూర్చోబెట్టి లాబాను అడిగిన ప్రశ్న అడగండి. అతని జవాబు పూర్తిగా వినండి. ఖాయం చేసిన మాట మీద లాబానువలె గాక నిజాయితీగా నిలబడండి. అట్టి కృప ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.