పండుగకు పసిపిల్లల చేతిపని

సంక్రాంతి ఇంక పదునైదు దినములున్నదనగానే ఇంటింట పనులు మొదలగును. గోడలకు వెల్లవేయుట, అటుకమీది బొమ్మల పెట్టె దింపుట, బియ్యము నానబోసి అరిసెలకు పిండి కొట్టించుట, క్రొత్తబట్టలు కుట్టించుట. ఈ సందడిలో నాలుగైదేండ్ల బిడ్డకు తరచుగా వినబడునది ఒకే మాట: “అడ్డము రాకమ్మా!” ఆ మాటకు పరిహారమా యన్నట్లు పండుగనాడు అంగడినుండి ఒక బొమ్మ వచ్చును. మీట నొక్కినచో అది తిరుగును, కూయును, దీపము వెలిగించును. బిడ్డకు మాత్రము అందులో చేయదగిన పని యేదియు లేదు. కనుమనాటికి ఒక చక్రము ఊడును. బిడ్డ ఆ బొమ్మను విడిచి, అది వచ్చిన అట్టపెట్టెకు త్రాడు కట్టి బండిగా లాగుకొనుచుండును.

ఈ సంగతి ప్రతి తల్లియు ఎరుగును. అయినను పండుగకు ముందు మమ్ములను పలువురు అడుగు ప్రశ్న, పసివానికి ఏమి కొనవలెననియే. ఏమి చేయింపవచ్చునో నేడు మేము చెప్పదలచితిమి. అంగడి బొమ్మలపై మాకు వైరము లేదు. కొండపల్లి పొనికి చెక్క బొమ్మలు, ఏటికొప్పాక లక్కబొమ్మలు కొలువులో నిలిపిన ఇంటికి అందము వచ్చును, వానిని చేసినవారి ఇంట పొయ్యి వెలుగును. అవి ఉండవలసినదే. వాని ప్రక్కన బిడ్డ చేసినది కూడ ఒకటి ఉండవలెనని మా కోరిక.

ముందుగా ఒక నియమము. కష్టమైన భాగము పెద్దవారు చేసి, కంటికి కనబడు చివరి భాగమును బిడ్డకు విడిచిపెట్టవలెను. పూర్తిగా చేసి యిచ్చినచో అది మరల అంగడి బొమ్మయే. మొదటినుండియు బిడ్డనే చేయుమన్నచో పది నిమిషములలో విసుగుపుట్టి ఏడ్చును. నేర్పంతయు ఈ రెంటి నడుమ నున్నది.

సంక్రాంతి పంట పండుగ గదా! పట్టణమందు పుట్టిన బిడ్డకు పంట యనగా బియ్యపు సంచి. వానికి ఒక పొలము కావలెను. భోగికి పది దినములు ముందుగా రాత్రి గుప్పెడు మెంతులు నానవేసి, మరునాడు నీరు వంచి తడిగుడ్డలో మూటకట్టుడు. ఒకటి రెండు దినములలో మొలక కన్ను తెరచును. టెంకాయ కొట్టినపుడు మూడు కన్నులున్న చిప్పను దాచియుంచుడు. ఆ మూటిలో ఒక కన్ను మెత్తగా నుండును, దానిని పొడిచినచో నీరు పోవుటకు దారి యేర్పడును. అందులో సగమువరకు ఇసుక కలిపిన మన్ను నింపి బిడ్డ చేతికి ఇండు. మొలకలు చల్లుట వాని వంతు. ఒకచోట కుప్పగా పడును, ఒకచోట అసలు పడవు. పడనిండు. ఉదయము, సాయంకాలము చేతితో నీరు చిలకరించుట కూడ వాని పనియే. చెంబుతో పోసినచో పొలము వరదలో పోవునని ఒక్కమారు చెప్పిన చాలును. పండుగనాటికి చిప్పనిండ బెత్తెడు పచ్చదనము లేకపోయినను, రెండంగుళముల పైరయినను నిలచును.

ఈ పొలముతోబాటు తల్లి రహస్యముగా మరియొకటి చేయవచ్చును. భోగికి ఆరేడు దినములు ముందు వెడల్పయిన పళ్ళెములో తడిపిన నూలుగుడ్డ పరచి, దానిపై ఆవాలతో బిడ్డ పేరులోని మొదటి అక్షరమును వ్రాయవలెను. గీతలో ఆవాలు దట్టముగా ఉండవలెను. పైన మరియొక పళ్ళెము బోర్లించి, చీమలు చేరని చోట రెండు దినములు ఉంచినచో మొలకలు వచ్చును. తరువాత పిల్లల కంటబడని కిటికీలో వెలుతురు తగులునట్లు పెట్టి, గుడ్డ ఆరకుండ తడుపుచుండవలెను. నీరు పోసినచో అక్షరము కొట్టుకొనిపోవును, చిలకరింపవలెను. భోగినాడు తెల్లవారుజామున మంట చూచి తలంటి పోసుకొని వచ్చిన బిడ్డ ముందు, మూతపెట్టిన ఆ పళ్ళెము నుంచుడు. మూత వాడే తీయవలెను. పచ్చగా లేచి నిలచిన తన అక్షరమును చూచినపుడు వాని ముఖము ఎట్లుండునో మేము వర్ణింపము, మీరే చూడుడు. దీనికి ఖర్చు రెండు చెంచాల ఆవాలు.

పెద్దవారు పిల్లలను ఆశ్చర్యపరచుట సరే. పిల్లలకు అంతకంటె ఇష్టమైనది పెద్దవారిని ఆశ్చర్యపరచుట. దానికి పసుపు కాగితము మంచి సాధనము. అరచెంచా పసుపు కొద్దిపాటి నీటిలో కలిపి, తెల్లకాగితమునకు పూసి నీడను ఆరబెట్టుడు. పుల్లకు దూది చుట్టి, బట్టల సబ్బు కరగించిన నీటిలో ముంచి బిడ్డకు ఇండు. ఆ నీటికి రంగు లేదు. కాని పసుపు కాగితముపై గీచినంతనే ఎర్రని గీత కనబడును. పసుపును సున్నముతో కలిపిన పారాణి ఎర్రబారుటకును కారణమిదియే: క్షారగుణము తగిలినచో పసుపు ఎర్రనగును. నిమ్మరసము తగిలినచో మరల పసుపు రంగునకు తిరుగును. సున్నపు తేటతో రంగు ఇంకను బాగుగా వచ్చును గాని, అది కంటిలో పడినచో ప్రమాదము. పిల్లలకు సబ్బునీరే చాలును. ఒకటి రెండు దినములు వంటింటిలో అభ్యాసము చేయించి, పండుగనాడు నాయనమ్మ యెదుటికి పంపుడు. “నాయనమ్మా, ఇందులో ఏమీ లేదు చూడు!” అని ఉత్త కాగితము చూపి, ఆమె కన్నులముందే ఒక సూర్యుని గీచిన బిడ్డ ఆ దినమంతయు ఇంటికి వచ్చిన ప్రతివారికిని సూర్యుని గీయకమానడు. కాగితములు పది సిద్ధముగా నుంచుకొనుట మంచిది.

ఇక గంగిరెద్దు. సంక్రాంతి నెలలో సన్నాయితో వీధిలోనికి వచ్చి తలయూపు బసవన్నను అనేక పట్టణములలో పిల్లలిప్పుడు చూడనే చూడరు. అందువలన దీని విషయము కొంచెము వివరముగా చెప్పుదుము. పాత వార్తాపత్రికను ముక్కలుగా చింపి రెండు దినములు నానవేయవలెను. చింపుట బిడ్డ పని, ఇంత ఇష్టముగా చేయు పని మరియొకటి ఉండదు. నానిన కాగితమును పిండి, నానిన మెంతులతో కలిపి రుబ్బినచో గట్టి గుజ్జు వచ్చును. మన అమ్మమ్మలు ఈ గుజ్జుతోనే గంపలకు, చేటలకు పూత వేసిరి. కొండపల్లి పనివారు కూడ చెక్కముక్కలను అతుకుటకు చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన ముద్దనే వాడుదురు. ఇంటి వస్తువులతో బొమ్మ చేయుట మనకు క్రొత్త విద్య కాదు.

గుజ్జుతో ఉసిరికాయంత తల, రెండు కొమ్ములు చేసి మూడు నాలుగు దినములు ఎండనిండు. శరీరమునకు అగ్గిపెట్టె పై తొడుగు, కాళ్ళకు నాలుగు పుల్లలు. తలయూపుటకు ఒక కిటుకు కలదు. గట్టి అట్టముక్కను విల్లువలె వంపుగా కత్తిరింపవలెను. వంపు పైకుండునట్లు, సరిగా నడుమ, పై అంచునకు దగ్గరగా సూదితో దారము దూర్చి, ఆ దారమును తొడుగు రెండు ప్రక్కలకును బిగింపవలెను. వెలుపలి కొనకు తల అతికి, లోపలి కొనకు తలకు సమానమైన బరువుగల మట్టిముద్ద అంటించినచో, కొనలు రెండును దారముకంటె దిగువకు వ్రేలాడును. వ్రేలితో తాకినచో త్రాసువలె చాలసేపు ఊగును. ఊగక నిలచిపోయినచో మట్టి ఎక్కువైనదో తక్కువైనదో చూచి సరిచేయుడు. ఇదంతయు తండ్రి చేయవలసిన పని. తండ్రులకు పండుగలో చెప్పుకొనదగిన పని ఏదియు లేదని వినికిడి, ఇది వారికి తగియున్నది.

బిడ్డ వంతు అలంకారము. దర్జీవద్ద మిగిలిన రంగుగుడ్డల పేలికలను మైదా జిగురుతో వాడు ఎట్లు అతికిన అట్లే. కన్నులకు గురివిందగింజలు మాత్రము వాడవలదు. చూచుటకు అందమైనవే గాని, నమిలి మ్రింగినచో అవి ప్రాణాంతకమైన విషము. ఆముదపుగింజలును అట్టివే. కాటుక చుక్క పెట్టిన చాలును. చుక్కలు రెండును ఒకే ప్రక్కకు వచ్చినను దిద్దవలదు.

కొబ్బరాకు బూర చేయుట అందరికిని తెలిసినదే. ఈనె తీసిన ఆకును సన్నని కొననుండి ఏటవాలుగా చుట్టుచు, గొట్టము వెడల్పగుచుండగా పోయి, చివరను ఈనెముక్కతో గ్రుచ్చవలెను. ముల్లు వాడవలదు. సన్నని కొనను వ్రేళ్ళతో నొక్కి చదును చేసి ఊదినచో పలుకును. బిడ్డకు ఇది నేర్పిన గంటకు ఇంటిల్లిపాదియు పశ్చాత్తాపపడును, అయినను నేర్పవలసినదే. భోగిపిడకలకు ఆవుపేడ దొరికినవారు నడుమ వ్రేలితో చిల్లిపెట్టు పనిని పిల్లలకు ఇత్తురు గాక. దండను మంటలో వేయునపుడు మాత్రము బిడ్డ మన చంకలో నుండవలెను. గాలిపటము విషయమున, అయిదేండ్లలోపు వానికి వార్తాపత్రిక ముక్కయు, రెండు చీపురుపుల్లలును, రెండు బారల నూలుదారమును చాలును. పెరటిలో పరుగెత్తిన అదియే ఎగురును. నైలాను మాంజా ఇంటిలోనికి రానీయకుడు. మనుష్యుల మెడలను, పక్షుల రెక్కలను కోయుచున్నందున జాతీయ హరిత ట్రిబ్యునలు 2017లో దానిని దేశమంతట నిషేధించినది.

ఇంతవరకు చెప్పిన పనులలో కష్టమైనది ఏదియు లేదు. కష్టము బొమ్మల కొలువు దగ్గర వచ్చును. మూడో, అయిదో, ఏడో మెట్లు కట్టి తెల్లని బట్ట పరచి, తరతరముల బొమ్మలను వరుసగా నిలిపినపుడు, పేలికలు వ్రేలాడుచు ప్రక్కకు ఒరిగిన గంగిరెద్దును ఎక్కడ పెట్టవలెను? పేరంటాండ్రు వత్తురు, చూతురు. మెల్లగా దానిని వెనుక వరుసలోనికో, కుండీ చాటునకో నెట్టుట జరుగును. ఎవరును ఏమియు అనరు. బిడ్డ మాత్రము గదిలోనికి వచ్చి మొదట దానికొరకే వెదకును. కనబడనపుడు అడుగదు కూడ. తన పని పెద్దల పనిలో చేరదని ఆ క్షణమున దానికి తెలిసిపోవును. తరువాతి సంవత్సరము మీరు కాగితము చింపుమన్నను “నాకు రాదు” అనును. ఆ “రాదు” అనుమాట ఎక్కడనుండి వచ్చినదో మనము మరచియుందుము.

చెన్నపట్టణపు రేడియోలో అన్నయ్యగా, అక్కయ్యగా ప్రసిద్ధులైన న్యాపతి రాఘవరావుగారును కామేశ్వరిగారును పిల్లల కార్యక్రమమును పిల్లలచేతనే పలికించిరి, పాడించిరి. వారే 1945లో ‘బాల’ పత్రికను వెలయించిరి. పసివాడు తడబడినను ఆ గొంతే లోకమునకు వినబడవలెనన్నది వారి మార్గము. రేడియోకు తగిన మర్యాద కొలువునకు తక్కువ కాదని మా యభిప్రాయము.

కనుక అన్నిటికంటె క్రింది మెట్టును బిడ్డకు ఇచ్చివేయుడు. అది వానికి అందును. చిప్పలోని పొలము, తలయూపు గంగిరెద్దు, ఎర్రని సూర్యుడు అచ్చట నుండును. వాడు దినమునకు పదిమారులు వానిని మార్చిపెట్టును, మార్చనిండు. వచ్చినవారు అడిగినచో చెప్పవలసినవాడు వాడే. తల్లి ముందుగా అందుకొని “ఇదేదో మావాడు చేసినాడులెండి” అని నవ్వుట మాత్రము కూడదు.

భోగిపండ్లు పోయునపుడు ఒక జాగ్రత్త. రేగుపండ్లు, చెరకుముక్కలు, నానిన సెనగలు, చిల్లర నాణెములు, బంతిరేకలు తలమీదుగా జారి నేలమీద చెదరును. పేరంటము ముగియకముందే చంటిబిడ్డల చేతికి అందకుండ ఏరివేయవలెను. మూడేండ్లలోపు పిల్లల గొంతులో సెనగగింజయు, రేగుగింజయు, నాణెమును సులభముగా అడ్డుపడును. ఏరుటకు పెద్దపిల్లలను పిలువుడు. ఏరినది ఏరినవారిదే యన్నచో క్షణములో నేల శుభ్రపడును.

మూడవనాడు కనుమ. ఆ దినము పశువులకు పసుపు, కుంకుమ పెట్టి పూజింతురు. మీ వీధిలో ఆవో ఎద్దో ఉన్నచో, బిడ్డను కొబ్బరిచిప్పతో సహా అక్కడకు తీసికొనిపొండు. మెంతిమొక్కలను వేళ్ళకంటిన మన్ను కడిగి, వాని చేతితోనే తినిపింపవచ్చును. అరచేయి చాపి, వ్రేళ్ళు ముడువకుండ పట్టుకొనుమని ముందుగా నేర్పుడు. ఆవు నాలుక గరుకుగా నుండును, బిడ్డ చేయి వెనుకకు లాగుకొనును. మరల తానే చాపువరకు కొంచెము ఆగుడు.