గృహస్థుడు – వరద – బీమా
(సాంస్కృతిక సభయందు చేసిన ప్రసంగపాఠము)



2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి రోజులలో విజయవాడ ప్రజల చూపంతయు కృష్ణపైననే నిలిచియుండెను. 2వ తేదీన ప్రకాశం బ్యారేజినుండి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు దిగువకు సాగినది. కరకట్టలు నిలుచునో లేదో యని ఊరంతయు భయపడినది. కాని సింగ్ నగర్ మొదలగు పేటలను ముంచినది కృష్ణ కాదు, బుడమేరు. మైలవరము వైపు కొండలలో పుట్టి కొల్లేటిలో కలియు ఈ వాగును వేసవిలో చూచినవారు ఒక మురుగుకాలువ యనుకొందురు. దాని కట్టలకు గండ్లు పడగా నీరు ఇండ్లలో చొచ్చి, పలుచోట్ల రోజుల తరబడి కదలక నిలిచినది. కాపలా వీధివాకిట నుండగా దొంగ పెరటిదారిన వచ్చినట్లయినది.

ఈ వృత్తాంతమును ముందుగా చెప్పుటకు కారణము కలదు. ఇంటికి బీమా చేయుదురా యని అడిగినచో గృహస్థులలో పెక్కుమంది ఇచ్చు సమాధానమొక్కటే: "మా వైపునకు వరద రాదండీ." నది ఎంత దూరమున నున్నదో వారెరుగుదురు, వాగెచటనున్నదో, పూడ్చివేసిన చెరువు ఏ వీధిక్రింద నున్నదో ఎరుగరు. 2005 జూలై 26న బొంబాయిలోని శాంతాక్రజ్ వద్ద ఒక్క దినమున 944 మిల్లీమీటర్ల వాన కురిసినది. ఆ నీటికి ఏ మహానదియు అక్కరలేకపోయెను. 2023 జూలైలో ఢిల్లీయందు యమున 208.66 మీటర్ల మట్టమునకు చేరి, 1978 నాటి 207.49 మీటర్ల గుర్తును దాటిపోయినది. నలువది యైదేండ్లపాటు ఆ పాత గుర్తునే కడపటి హద్దుగా నమ్మినవారికి ఆ నమ్మకము వమ్మైనది.

ఇక కేంద్రప్రభుత్వోద్యోగుల సంగతి. వీరిలో గృహనిర్మాణపు అడ్వాన్సు తీసికొన్నవారికి ఈ ప్రశ్నకు జవాబు వారడుగకమునుపే నిబంధనలలో వ్రాసి పెట్టబడినది. ఇల్లు పూర్తియైన వెంటనే, లేదా కొన్న వెంటనే, అగ్ని, వరద, పిడుగు – ఈ మూడింటికిని ఉద్యోగి తన ఖర్చుతో బీమా చేయించవలెను. బీమా మొత్తము అడ్వాన్సునకు తక్కువ కారాదు. పాలసీని ప్రభుత్వమునకు దాఖలు చేయవలెను. అసలు, వడ్డీ పూర్తిగా తీరువరకు దానిని కొనసాగింపవలెను. అసలును నూట ఎనుబది వాయిదాలలోను, వడ్డీని అరువది వాయిదాలలోను తీర్చుట పరిపాటి గనుక ఇది ఇరువది యేండ్ల వ్యవహారము.

ఇందు రెండు చిక్కులు గమనింపదగినవి. మొదటిది, ఆ నిబంధన కాపాడునది ప్రభుత్వపు బాకీని. గృహస్థుని ఇంటిని కాదు. పది లక్షల అడ్వాన్సు తీసికొన్నవాడు పది లక్షలకే బీమా చేసినచో నిబంధన తృప్తిపడును. ఇల్లు తిరిగి కట్టుటకు ఇరువది లక్షలు కావలసియున్నచో మిగిలిన పది లక్షలకు ఆధారము లేదు. రెండవది మరింత విచారకరము. బాకీ తీరి, తాకట్టు పత్రము, పాలసీ చేతికి వచ్చిననాటితో అనేకులు బీమాను మానివేయుదురు. ఆ దినము సాధారణముగా పదవీ విరమణకు అటో ఇటో వచ్చును. జీతము వచ్చుచున్నంతకాలము బీమాతో నడచిన ఇల్లు, జీతము ఆగి పింఛను మొదలైన తరువాత, గ్రాట్యుటీ సొమ్ము మరమ్మతులకు అప్పటికే ఖర్చయిన తరువాత, రక్షణ లేక నిలుచును. బలముండగా ఊతకర్ర పట్టి, కాళ్ళు వణకునప్పుడు దానిని పారవేయుట వంటిది గదా!

అమెరికాలో గృహములకు చేయు మామూలు బీమాలో వరద చేరదు. అచట 1968లో ప్రత్యేక శాసనముతో వరద బీమా నేర్పరచిరి. దానిని వేరుగా కొనవలెను, కొన్న తరువాత సాధారణముగా ముప్పది దినములు వేచియుండవలెను. అచటి బంధువులు చెప్పిన మాటలు విని మన దేశమునందును వరద బీమా వేరుగా నుండునని భ్రమపడువారు కలరు. 2021 ఏప్రిల్ 1 నుండి బీమా నియంత్రణ సంస్థ ఆదేశము ననుసరించి కంపెనీలన్నియు అమ్మవలసిన 'భారత్ గృహ రక్ష' అను పాలసీలో అగ్ని, పిడుగు, తుఫాను, వరద, ముంపు, భూకంపము, కొండచరియలు విరిగిపడుట – అన్నియు ఒక్కచోటనే ఇమిడియున్నవి. కావున గృహస్థుని ముందున్నది వరదకొరకు వేరుగా సొమ్ము పెట్టుటయా, మానుటయా యను ప్రశ్న కాదు. ఇంటికి అసలు బీమా ఉండవలెనా, వలదా యను ప్రశ్న.

ఎంతకు చేయవలెనను విషయమున జరుగు పొరపాటు అంతయింత కాదు. అరువది లక్షలు పెట్టి కొన్న ఇంటిని అరువది లక్షలకు బీమా చేయింపబోవువారు కలరు. వరద స్థలమును కొనిపోదు. లెక్క కట్టడమునకే. లోపలి వైశాల్యము తొంబది చదరపు మీటర్లు, చదరపు మీటరునకు కట్టుబడి ఇరువది వేలు అనుకొన్నచో బీమా మొత్తము పదునెనిమిది లక్షలు. ఇంటిలోని సామానునకు దానిలో ఇరువది శాతము, అనగా మూడు లక్షల అరువది వేలు, ప్రత్యేకముగా అడుగకయే చేరును. దీనికి పైహద్దు పది లక్షలు. ప్రహరీగోడ, గేటు, నీటితొట్టి కూడ కట్టడములోనివే. శిథిలములు తొలగించుటకు పరిహారములో రెండు శాతము వరకు అదనముగా లభించును. ఇట్టి ఇంటికి ఏటి ప్రీమియము కొలది వేలకు మించకుండుట సాధారణము. పదేండ్లకొకసారిగా కూడ తీసికొనవచ్చును. అట్లు తీసికొన్న పాలసీలో బీమా మొత్తము ఏటేట పది శాతము చొప్పున తానే పెరుగును.

చేరనివి కూడ తెలిసియుండవలెను. నగదు, దస్తావేజులు, వ్రాతప్రతులు, వాహనములు దీనిలోనికి రావు. వాకిట నున్న కారునకు మోటారు బీమాయే దిక్కు. ఏండ్ల తరబడి గోడకు పట్టిన చెమ్మను వరదగా చూపి పరిహారమడుగుట వ్యర్థము.

"ఏండ్ల తరబడి కట్టిన సొమ్ము తిరిగి వచ్చునా?" అని అడుగువారికి ఉన్నమాట చెప్పవలెను. చాలమందికి రాదు. కంపెనీలు నడచుట అందువలననే. కాని అది అడుగదగిన ప్రశ్న కాదు. రేపు మోకాలిలోతు నీరు ఇంటిలో నిలిచినచో అప్పు చేయకుండ ఆ ఇంటిని తిరిగి నివాసయోగ్యము చేయగలమా? చేయగలిగినవాడు బీమా మానినను మునిగిపోడు. నాలుగైదు ఇండ్లున్న ధనికుడు ఒక ఇంటి నష్టమును తానే భరింపగలడు. ఉన్న ఒక్క ఇంటిలో జీవితకాలపు పొదుపంతయు పెట్టిన గుమాస్తాకు ఆ స్వేచ్ఛ లేదు. నేలయంతస్తు ఇంటివానికి సందేహమే తగదు. నాలుగవ అంతస్తువాడు తన గదులలోనికి నీరు రాదని నవ్వుకొనవచ్చును గాని, లిఫ్టు యంత్రము, నీటి మోటారు, విద్యుత్ బోర్డు నేలమీదనే యుండును. వాని మరమ్మతుకు వంతు అందరికి పడును. అట్టిచోట భవనమంతటికి నివాసుల సంఘమే ఒక పాలసీ తీసికొనుట మేలు. సర్కారు క్వార్టర్లలో నున్నవారికి కట్టడముతో పనిలేదు; సామానునకు మాత్రము చేసిన చాలును.

ప్రభుత్వ సహాయమునే నమ్మియుండువారును కలరు. విజయవాడ ముంపు తరువాత రాష్ట్రప్రభుత్వము నేలయంతస్తు మునిగిన ఇంటికి ఇరువదియైదు వేలు, పై అంతస్తులవారికి పదివేలు ప్రకటించినది. విపత్తు సహాయనిధి నిబంధనలలో 2022 మొదలు 2026 వరకు మైదానప్రాంతమున పూర్తిగా కూలిన పక్కా ఇంటికి లక్షా ఇరువది వేలు, పాక్షికముగా దెబ్బతిన్నదానికి ఆరువేల ఐదువందలు నిర్ణయించిరి. ఆపదలో అది ఆసరాయే. కాని దానితో పునాది పైకి లేవదు.

బీమా చేయదలచినవారు వాన మబ్బు కనిపించువరకు ఆగరాదు. ప్రీమియము చేరనిదే కంపెనీపై బాధ్యత లేదని బీమా శాసనమే చెప్పుచున్నది. స్వగ్రామమున ఇల్లు తాళము వేసియుండగా దూరదేశమున కొలువు చేయువారు, ఇంటిని అద్దెకిచ్చినవారు, ఆ సంగతి ప్రతిపాదన పత్రములో దాచక వ్రాయవలెను. అట్టి ఇండ్లను గూర్చిన షరతును ముందే చదువుకొనవలెను. సామాను బిల్లులు, ఛాయాచిత్రములు ఆ ఇంటి బీరువాలో గాక తమవద్ద నుంచుకొనుట మంచిది. బీరువా మునిగిన నాడు వానితోనే పని పడును. నీరు తీసిన వెంటనే కంపెనీకి తెలిపి, గోడపై నీటిగుర్తును కడుగకముందే ఛాయాచిత్రము తీసి, పాడైన సామానును సర్వేయరు చూచువరకు పారవేయక యుంచవలెను. దగ్గర లేనివారు ఈ పనిని ఇరుగుపొరుగులో ఒకరికి ముందుగనే ఒప్పగించి, పాలసీ సంఖ్యను వ్రాసియిచ్చియుండుట అవసరము. పరిహారము నిరాకరింపబడినను, తక్కువ ఇచ్చినను, నెల దినములలో జవాబు రాకున్నను బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసికొనవచ్చును. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. యాబది లక్షల వరకు తీర్పు చెప్పు అధికారము ఆయనకు కలదు.