కలివికోడి - వేటగాని విద్య - మన బాధ్యత

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. నేను ఒక పక్షిని గురించి, దాన్ని ఎరిగిన మనుషులను గురించి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాను.

మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. అక్కడి అడవి టర్కీ కోడి ఒకప్పుడు వేటకు, అడవుల నరికివేతకు బలై చాలా రాష్ట్రాలలో కనుమరుగైంది. 1937లో అక్కడి ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. వేట తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్నును వన్యప్రాణుల రక్షణకే కేటాయించారు. పెంపుడు కోళ్లను అడవిలో వదిలితే బతకలేదు. తరువాత అడవి కోళ్లనే పెద్ద వలలు పేల్చి పట్టి, అవి లేని చోట్లకు తరలించారు. అలా లక్షల సంఖ్యకు పెరిగాయి. అంటే వేటగాని డబ్బు, వేటగాని వల, రెండూ పక్షిని కాపాడడానికి పనికివచ్చాయి.

మన దేశంలో ఆ పద్ధతి కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991లో దానికి వచ్చిన సవరణ తరువాత వేట లైసెన్సులకు తావు లేదు. అది న్యాయమే. దీమపు పిట్టను పంజరంలో పెట్టి కౌజులను పట్టే రోజులు మళ్లీ రావాలని నేను కోరను. పెళ్లి విందు కోసం అడవి పిట్టలను కొనేవారు మనలో ఎవరైనా ఉంటే, దయచేసి మానుకోవాలి. అయితే వేట పోయినంత మాత్రాన, వేటగాని విద్య కూడా పోవాలా? నా ప్రశ్న ఇదే.

1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డాన్ దొర గొప్ప పక్షి శాస్త్రవేత్త. పక్షుల పేర్లు, జీవాల నమూనాలు ఆయనకు మన యానాదుల ద్వారా లభించాయి. నెల్లూరు, కడప వైపు కొండనేలల్లో ఆయన చూసిన పక్షే కలివికోడి. 1848లో బ్లైత్ దాన్ని శాస్త్రీయంగా వర్ణించాడు. జానెడున్నర పొడవుండదు. రొమ్ము మీద రెండు పట్టీలు ఉంటాయి. పగలు కలివి పొదల చాటున దాగి, రాత్రి తిరుగుతుంది. 1900 తరువాత ఎవరికీ కనపడలేదు. అంతరించిందనే అనుకున్నారు.

1986 జనవరిలో కడప జిల్లా లంకమల దగ్గర అది మళ్లీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు వెతుకుతుంటే, చివరికి దాన్ని పట్టింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. రాత్రివేళ టార్చిలైటు వెలుగులో పట్టాడు. ఆ పక్షి కొద్దిరోజులకే చనిపోయింది గాని, జాతి బతికే ఉన్నదని లోకానికి తెలిసింది. తరువాత అక్కడ శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. దాని నేల మీదుగా పోవలసిన తెలుగుగంగ కాలువ దారి మార్చవలసి వచ్చింది. మన సోమశిలకు నీళ్లు తెచ్చే పథకమే అది! ఇటీవలి కాలంలో పక్షి కనపడక నిరాశ కలిగినా, 2025 ఆగస్టులో కడప జిల్లాలో దాని కూత మళ్లీ రికార్డయింది.

ఇక డబ్బు సంగతి. అటవీ భూమిని గనులకో, రోడ్లకో తీసుకున్నవారు పరిహారం కట్టాలి. 2016 నాటి చట్టం ప్రకారం ఆ నిధిలో 90 శాతం రాష్ట్రాలకు వస్తుంది. దానితో చేసే ముఖ్యమైన పని మొక్కలు నాటడం. మంచిదే. కాని కలివికోడికి దట్టమైన తోపు పనికిరాదు. పొదలూ, పొదల మధ్య బయలు నేలా కావాలి. పొదలను పూర్తిగా నరికినా దానికి ఇల్లుండదు, చెట్లతో నింపినా ఉండదు. నేను రెవెన్యూ శాఖలో పనిచేసినవాణ్ణి. అటువంటి నేల మన కాగితాలలో బీడు, పోరంబోకు. పక్షికి మాత్రం అది సొంత ఊరు. ఉదయగిరి దుర్గం చుట్టూ, వెలిగొండల అంచున అటువంటి నేల ఉన్నది. అక్కడ కలివికోడి ఉందని నేను చెప్పడం లేదు. చెట్లు నాటే ముందు ఒకసారి వెతకమని అడుగుతున్నాను.

వెతకాలంటే అడుగుజాడ చూసి పిట్ట పేరు చెప్పగలవారు కావాలి. ఆ విద్య తెలిసిన యానాది పెద్దలు మన ఈడువారే. మనకు పింఛను ఉన్నట్లు వారి విద్యకు పింఛను లేదు. వారి మనుమలు బేల్దారి పనులకు, రొయ్యల గుంటలకు పోతున్నారు. ఆ పెద్దలతో పాటే ఆ విద్యా పోతుంది.

కనుక మూడు మనవులు. ఒకటి, ప్రతి సభ్యుడూ తన ఊరి యానాది పెద్దల దగ్గర కూర్చుని పక్షుల పేర్లు, కూతలు, గూళ్ల గుర్తులు నోటుపుస్తకంలో వ్రాయాలి. చెప్పినవారి పేరు కూడా వ్రాయాలి. రెండు, సర్వేలలో వారిని కూలికి కాక, తెలిసినవారుగా గౌరవించి తగిన వేతనంతో పెట్టుకోమని అటవీశాఖకు సంఘం తరఫున అర్జీ పెట్టాలి. మూడు, నెలకు మనిషికి 10 రూపాయలు. నూరుగురు ఇస్తే ఏడాదికి 12,000 రూపాయలు. రోజు కూలి మానుకుని మనతో కూర్చునే పెద్దలకు ఆ సొమ్ము ఇవ్వవచ్చు. వైద్య సహాయ నిధిని ముట్టుకోనక్కరలేదు.

ఒక్క హెచ్చరిక. అనుమతి లేకుండా టార్చిలు పట్టుకుని ఎవరూ అడవికి పోవద్దు.

సర్వీసులో ఉండగా ఎన్నో రికార్డులు వ్రాశాము, దిద్దాము, భద్రపరిచాము. వ్రాయకుండా మిగిలిపోయిన ఈ ఒక్క రికార్డు కూడా మన చేతులతోనే పూర్తికావాలని కోరుతున్నాను.