ఎనభైల టీవీ హీరోలు దాచుకున్న బతుకు: "మన తెలుగోళ్లలో ఎవరు?" అని అడిగినవాళ్ల కోసం

పోచంపల్లి నుంచి ఇంకో ఎపిసోడ్‌తో మీ ముందుకొచ్చిన. ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. ఈ రోజు టాపిక్ మన ఇండ్లల్లో ఎవరూ ఎత్తరు. అందుకే మనం ఎత్తాలి.

పాత టీవీ గురించి మాట్లాడినప్పటి నుంచి చాలామంది ఒకటే అడుగుతున్నారు: "అన్నా, ఎనభైల్లో టీవీ యాక్టర్లలో గే ఉండేటోళ్లా? మన తెలుగోళ్లలో ఎవరు? పేర్లు చెప్పు." మొదటి ప్రశ్నకు జవాబు: ఉన్నారు. రెండో ప్రశ్నకు నేను జవాబు చెప్పను. ఎందుకు చెప్పనో వినండి.

ముందు ఒక మాట తెలుసుకుందాం. తాను గే అన్న సంగతి బయటికి తెలియనివ్వకుండా బతికే మనిషిని ఇంగ్లీషులో "క్లోసెట్‌లో ఉన్నాడు" అంటారు. క్లోసెట్ అంటే బట్టల అల్మారా. లోపల మనిషి, బయట తలుపు. ఆ తలుపు ఎవరు వేశారన్నదే ఈ రోజు మన కథ.

ఇగ అమెరికా పోదాం. ఎందుకంటే అక్కడి నటుల సంగతులు వాళ్లే చెప్పుకున్నవి, లేదా వాళ్లు పోయాక బయటికొచ్చినవి. దాచేదేమీ మిగల్లేదు.

రాక్ హడ్సన్. ఆరడుగులు దాటిన అందగాడు, సినిమాల్లో అమ్మాయిల కలల హీరో. 1955లో తన ఏజెంట్ దగ్గర సెక్రటరీగా చేసే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. మూడేళ్లకే అది విడాకుల దాకా పోయింది. డెబ్బైల్లో టీవీకి వచ్చాడు. 1984లో "డైనాస్టీ" అనే పెద్ద సీరియల్‌లో వేషం దొరికింది. అదే ఏడాది ఆయనకు ఎయిడ్స్ అని డాక్టర్లు చెప్పారు. బయటికి చెప్పలేదు. ఒళ్లు చిక్కిపోతున్నా షూటింగ్‌కు వెళ్లాడు. 1985 జులైలో ఆయన తరఫువాళ్లు పారిస్‌లో విషయం ప్రకటించారు. అక్టోబర్ 2న చనిపోయాడు. వయసు 59.

ఆ తర్వాత జరిగింది చూడండి. సీరియల్‌లో ఆయన హీరోయిన్‌కు ముద్దు పెట్టిన సీన్ ఒకటుంది. ఆమెకు కూడా అంటుకుందా అని పేపర్లన్నీ అదే గోల. నోరు తెరిచి ముద్దు పెట్టే సీన్ ఉంటే ముందే చెప్పాలని నటుల సంఘం రూల్ పెట్టింది. ముద్దుతో హెచ్‌ఐవీ రాదని ఇప్పుడు స్కూల్ పిల్లలకు కూడా తెలుసు. అప్పుడు జనానికి భయం. ఆ భయం చూసిన మిగతా గే నటులు తలుపు ఇంకా గట్టిగా వేసుకోరా మరి?

ఇంకో విచిత్రం. అదే "డైనాస్టీ"లో స్టీవెన్ అని ఒక గే పాత్ర ఉంది. అంటే కథలో గే ఉండొచ్చు, జనం చూస్తారు, యాడ్స్ వస్తాయి. కానీ ఆ పాత్ర పక్కన నిలబడి డైలాగ్ చెప్పే నిజం మనిషి మాత్రం నోరు తెరవొద్దు.

రెండో మనిషి రేమండ్ బర్. "పెర్రీ మేసన్" అనే లాయర్ పాత్రతో ఇంటింటికీ తెలిసినవాడు. 1985లో అదే పాత్రతో టీవీ సినిమాలు మొదలుపెట్టి, 1993లో చనిపోయేదాకా చేస్తూనే ఉన్నాడు. ఆయన ఇంటర్వ్యూల్లో ఏం చెప్పేవాడంటే, ఒక భార్య విమాన ప్రమాదంలో పోయింది, ఇంకో భార్య క్యాన్సర్‌తో పోయింది, పదేళ్ల కొడుకు జబ్బు చేసి పోయాడు అని. తర్వాత వెతికినవాళ్లకు ఆ ఇద్దరు భార్యలు, ఆ కొడుకు ఉన్నట్టు ఆధారమే దొరకలేదు. నిజంగా జరిగింది 1948లో ఒక్క పెళ్లి, అది కూడా నిలవలేదు. మరి ఆయనతో 30 ఏళ్లకు పైగా ఉన్నది ఎవరు? రాబర్ట్ బెనవిడెస్. ఇద్దరూ కలిసి ఆర్కిడ్ పూలు పెంచారు, ద్రాక్ష తోట వేశారు. ఒక్కసారి ఆలోచించండి. లేని కొడుకు చావు గురించి జనం ముందు చెప్పుకోవచ్చు. పక్కనే ఉన్న మనిషి పేరు మాత్రం చెప్పుకోవద్దు. ఇది అబద్ధాలకోరు కథ అనిపిస్తదా మీకు? నాకైతే అనిపించదు. ఆ ఉద్యోగం అడిగిన ధర అది.

మూడోది, రిచర్డ్ చాంబర్లేన్. 1980లో "షోగన్", 1983లో "ది థార్న్ బర్డ్స్". రెండూ అమెరికా అంతా కూర్చుని చూసిన టీవీ సిరీస్‌లు. రెండోదాంట్లో ఒక అమ్మాయిని ప్రేమించే చర్చి ఫాదర్ పాత్ర. అమ్మాయిలు పిచ్చెక్కిపోయారు. తాను గే అని ఆయన 2003లో, 69 ఏళ్ల వయసులో, తన పుస్తకంలో రాసుకున్నాడు. హీరో వేషాలు వచ్చే వయసంతా దాటిపోయాక!

మన ఊర్లో చీర డిజైన్ ఎట్ల వస్తదో తెలిసినోళ్లకు ఇది తొందరగా అర్థమైతది. నేయకముందే నూలును అక్కడక్కడ బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. చీర కట్టుకునేవాళ్లకు పువ్వే కనిపిస్తది, ముడి కనిపించదు. ఆ హీరోల రొమాన్స్ చూసి మురిసిపోయిన జనానికి కూడా అంతే.

మరి అప్పుడు మన దగ్గర? హైదరాబాద్ దూరదర్శన్ 1977లో వచ్చింది. ఎనభైల్లో ఉన్నది ఆ ఒక్క సర్కారు టీవీనే. 1984లో "హమ్ లోగ్", 1987లో "రామాయణ్". వాడకో టీవీ ఉంటే వాడంతా అక్కడే. చట్టం చూస్తే, 377 సెక్షన్ కింద జీవిత ఖైదు దాకా వేయొచ్చు. సర్కారు టీవీలో వేషం, సర్కారు చట్టంలో నేరం. ఇట్లాంటప్పుడు ఏ నటుడు చెప్పుకుంటాడు? ఆ రోజుల్లో బొంబాయిలో అశోక్ రావ్ కవి అనే జర్నలిస్టు 1986లో "శావీ" పత్రికలో తాను గే అని చెప్పాడు. ఆయన నటుడు కాదు. అయినా ఆ ధైర్యం ఎంతో ఊహించుకోండి.

ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. పేర్లు ఎందుకు చెప్పను?

ఒకటి, ఫలానా వాళ్లు గే అని మనం చెప్పుకునేవన్నీ పుకార్లే. నడక చూసి, పెళ్లి కాలేదని చూసి అంటగట్టే మాటలు. రెండు, పుకారు నిజమే అయినా అది చెప్పే హక్కు ఆ మనిషిది. 2017లో సుప్రీంకోర్టు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అన్నప్పుడు, మనిషి ఎవరిని ఇష్టపడతాడన్నది కూడా ఆ గోప్యతలో ముఖ్యమైన భాగమే అని చెప్పింది. 2018 సెప్టెంబర్ 6న, ఇష్టపడ్డ పెద్దవాళ్ల మధ్య సంబంధం నేరం కాదని కూడా తేల్చింది. పెళ్లి హక్కు మాత్రం 2023లో ఇవ్వలేదు. హైదరాబాద్ జంట సుప్రియో, అభయ్ వేసిన కేసులోనే ఆ తీర్పు. వాళ్లిద్దరూ తమ పేర్లతో, తమ ఇష్టంతో ముందుకొచ్చారు. తేడా అక్కడుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. "ఎవరు, ఎవరు" అనే ఆట నటుల దగ్గర ఆగదు. రేపు కాలేజీ వాట్సాప్ గ్రూప్‌లో ఒక పోరని స్క్రీన్‌షాట్ పడతది. "వీడు అదిరా" అంటరు. సాయంత్రానికి ఇంట్లో తెలుస్తది. రాక్ హడ్సన్‌కు డబ్బుంది, లాయర్లున్నారు. ఆ పోరనికి ఏముంది?

డిక్ సార్జెంట్ అని ఇంకో టీవీ నటుడు. ఆయన 1991లో తాను గే అని చెప్పాడు. ఎందుకు చెప్పావంటే, గే పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్నారు, అది చూసి ఊరుకోలేకపోయా అన్నాడు. 1992లో లాస్ ఏంజెలిస్ ప్రైడ్ ఊరేగింపులో ఆయన పక్కన నిలబడింది ఎవరో తెలుసా? సీరియల్‌లో ఆయన భార్యగా చేసిన ఎలిజబెత్ మాంట్‌గోమరీ. ఆమె ఎవరి రహస్యమూ బయటపెట్టలేదు. ఆయనే చెప్పినంక వచ్చి పక్కన నిలబడింది. మనం చేయగలిగింది కూడా అదే.

ఈ వీడియో చూస్తున్నవాళ్లలో ఎవరైనా తలుపు వెనక ఉంటే, తొందరేం లేదు. నీకు భద్రం అనిపించినప్పుడే, నమ్మకమున్న మనిషికే చెప్పు. చెప్పకపోయినా నీ తప్పు లేదు. మనసు మరీ బరువైతే 14416కు ఫోన్ చెయ్యి. టెలిమానస్ అని సర్కారుది, తెలుగులో మాట్లాడతారు, పైసలు తీసుకోరు.

మిగతావాళ్లకు ఒకటే మాట. ఈసారి గ్రూప్‌లో అట్లాంటి స్క్రీన్‌షాట్ వస్తే ఫార్వర్డ్ చేయకండి. "ఇది మనకెందుకురా" అని ఒక్క లైన్ రాయండి. చాలు.

ఉంటా మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే!