మాయాబజారు తగవు



ఈ సాయంకాలము నేను మనవి చేయబోవునది గొప్ప శాస్త్రవిషయము కాదు. నాటకము చూచి యింటికి మరలు జనులు అందలి పాత్రలలో ఎవరు మిన్న యని తగవులాడుకొనుట యను చిన్న సంగతి. చిన్నదంటిని గాని, యీ తగవు మూలమున మా యూరిలో ఒక మనుష్యుడు నడిరాత్రి బండి దిగి నడిచిపోవలసి వచ్చినది. అందు నా పాలును గొంత గలదు.

మాది కుందూనది యొడ్డున, నాటి కర్నూలు, కడప జిల్లాల పొలిమేరలోనున్న నల్లరేగడి గ్రామము. నేను చెప్పునది 1960 దాటిన తొలియేండ్ల మాట. ప్రొద్దుటూరిలో సురభివారు డేరా వేసిరని వినవచ్చిన దినమున మా యూర ఎవరికిని సేద్యముపై మనసు నిలిచెడిది కాదు. మధ్యాహ్నమే సద్ది మూటలు గట్టుకొని, బండ్లలో జొన్నచొప్ప పరచుకొని బయలుదేరెడివారము.

సురభి యనునది కడప జిల్లాలో, చక్రాయపేట ప్రాంతమున నున్న యొక యూరు. అక్కడ 1885వ సంవత్సరమున, అంతవరకు తోలుబొమ్మల నాడించుకొని జీవించుచున్న కుటుంబమువారు బొమ్మలను ప్రక్కనబెట్టి, తామే వేషములు ధరించి కీచకవధ నాడిరి. వారిలో వనారస గోవిందరావుగారు ముఖ్యులు. స్త్రీపాత్రలను స్త్రీలే ధరించుట వారి యాచారము. ఆ కాలమున నాటకరంగమున అది సామాన్యమైన సాహసము కాదు. తండ్రి రాజు, తల్లి రాణి, పిన్నతల్లి చెలికత్తె, పాలు మరచిన బిడ్డ బాలవేషధారి. తీగెలపై మనుష్యులు ఆకాశమున నెగిరి వచ్చెడివారు. రంగముపై నిప్పులు మండెడివి, వర్షము గురిసెడిది. వర్షము గురియునప్పుడు మా మేనమామ ప్రతిమారును ఒకే మాట యనెడివాడు: "డేరాలో కురిసినది, చేనిలో కురియదేమి?"

వారు ఆడువానిలో మా యూరివారికి ప్రీతియైనవి రెండు: మాయాబజారు, బాలనాగమ్మ. తిరుగు ప్రయాణమున మైలురాయి దాటకమున్నే తగవు మొదలగుచుండెను. ఇందొక విశేషము గలదు. కర్ణుడు గొప్పవాడా, అర్జునుడు గొప్పవాడా యని వాదము వచ్చినచో అయ్యవారిని పిలిచి భారతము విప్పించి, పద్యము చదివించి తీర్పు చెప్పించుకొనవచ్చును. శశిరేఖ మాటయో? వ్యాసభారతమున శశిరేఖయే లేదు. బలరాముని కూతురు, ఆమెకు లక్ష్మణకుమారునితో పెండ్లి నిశ్చయమగుట, ఘటోత్కచుడు ఆమె రూపము దాల్చి పెండ్లికొడుకును ఏడిపించుట - ఇదంతయు జనులు కల్పించుకొన్న కథ. బాలనాగమ్మ కథయు అట్టిదే. పుస్తకము లేనిచోట తీర్పరియు లేడు. కావున ఎవడు ఏ పాత్రను మెచ్చుకొన్నను, ఆ మెప్పునకు ఆధారము వాని బ్రతుకులోనుండి తీయవలసినదే. ఇది నాకు అప్పుడు తెలియదు.

మా మేనమామది ఘటోత్కచ పక్షము. ఆయనకు బావిగట్టు విషయమున దాయాదులతో వ్యాజ్యము నడుచుచుండెను. ఏడేండ్లు కోర్టు మెట్లెక్కి దిగినను, సాక్ష్యమునకు రమ్మన్న చుట్టములలో ఒక్కడును రాలేదు. "తలచినంతనే వచ్చి నిలుచువాడే చుట్టము. కడమవారందరు విస్తరికి చుట్టములు" అని బండిపట్టె చరచి చెప్పెడివాడు. 1957లో మాయాబజారు చలనచిత్రము వచ్చిన పిమ్మట ఆయన పక్షమునకు బలము హెచ్చెను. దానిని నిర్మించినవారిలో నొకరైన నాగిరెడ్డిగారు కడప జిల్లా పొట్టిపాడువారు, దర్శకుడు కె. వి. రెడ్డిగారు తాడిపత్రివారు. రంగారావుగారి ఘటోత్కచుని చూచివచ్చిన కుర్రవాండ్రు డేరాలోని ఘటోత్కచుడు బక్కవాడని పెదవి విరిచిరి. మామ యొప్పుకొనలేదు. "వీడు మన కన్నులయెదుట తీగెమీద వచ్చినాడు. తీగె తెగిన నడుము విరుగును. వాడు తెరమీది వాడు" అనెను.

మా అవ్వది బాలనాగమ్మ పక్షము. ఆమె యిరువదియైదేండ్లకే వితంతువై, ఒక్క కొడుకును పెంచుకొని నిలిచిన మనిషి. ఫకీరు చెరలో బాలనాగమ్మ వ్రతమను నెపము చెప్పి యేండ్లకేండ్లు గడపినది గదా! "ఘటోత్కచునికి మంత్రము గలదు, ఒక్క రాత్రిలో గెలిచినాడు. ఈమెకేమి గలదు? కొడుకు పెద్దవాడగువరకు ప్రొద్దు పుచ్చినది. అదే ఆమె విద్య" అని అవ్వ వాదము. వానకు ఎదురుచూచి బ్రతుకు మా సీమలో ఈ వాదమునకు ఎదురు చెప్పువారు తక్కువ.

బండి తోలువాడు మా యింటి జీతగాడు. నా కంటె పదేండ్లు పెద్దవాడు. తండ్రి చేసిన అప్పునకు బదులుగా చిన్ననాడే జీతమునకు కుదిరినవాడు. వాడెన్నడును ఈ తగవులలో నోరు విప్పలేదు. ఒకనాటి రాత్రి అవ్వయే అడిగినది: "నీకెవరురా యిష్టము?" వాడు ఎద్దుల తోకలవైపు చూచుచు, మెల్లగా "మాయల ఫకీరు" అనెను.

బండిలో నవ్వు పుట్టెను. పరాయివాని యాలిని కుక్కను జేసి ఎత్తుకొనిపోయిన దుర్మార్గుని మెచ్చుకొనువాడుండునా? మామ నవ్వుచునే కారణ మడిగెను. వాడనెను: "రాజులు సైన్యముతో వచ్చినా వాండ్లను రాళ్లు జేసినాడు గదా రెడ్డీ. వాడు ఎవరికిందా జీతమునకు లేడు."

నవ్వు ఆగిపోయెను. మామ ముఖము నాకు చీకటిలో కనబడలేదు గాని, గొంతు వినబడినది. "రాజులను రాళ్లు జేయువాడు నీకు కావలెనా? దిగు" అనెను. అప్పుడు నేను ఊరకుండవలసినది. పదేండ్లవాడను, మామ మెప్పు కోరినవాడను. "వీడు మొన్న కూడ బాలవర్ధి చచ్చిపోవలెనన్నాడు మామా" అని చెప్పితిని. అది అబద్ధము. వాడు పగ్గములు నా చేతికిచ్చి, దిగి, చేలకడ్డముగా నడిచిపోయెను. మరునాడు యథాప్రకారముగా పేడ యెత్తుచు కనబడెను. వాడు నన్నేమియు అనలేదు. ఆనాటినుండి నాటకమునకు మాత్రము రాలేదు.

మా పిల్లల యాటను గూర్చి కూడ చెప్పవలెను. నాటకము చూచివచ్చిన మరునాడు ఊరిముందరి చింతచెట్టు క్రింద మేమే నాటకము కట్టెడివారము. మాటలు ఎవరికి తోచినవి వారివి. కథ ఎటుపోవునో ఎవరికిని తెలియదు. ఒకమారు కౌరవులు గెలిచి, శశిరేఖ వేషగాడు ఏడ్చి యింటికి పోయెను. ఒక్కటే కట్టడి: ఏ వేషము వేసినవాడు ఆ వేషము తరపున వాదింపవలెను, తప్పించుకొనరాదు. నాకు తరచుగా లక్ష్మణకుమారుడే దక్కెడివాడు. నేను లావుగా నుండెడివాడను. పెండ్లికొడుకువై మాయ శశిరేఖ చేత చీవాట్లు తినుచు పదిమంది నవ్వుచుండగా నిలిచియుండుట ఎట్టిదో నాటకము చూచినంత మాత్రమున తెలియదు. వేషము వేసినచో తెలియును. పాపము, వాడు చేసిన నేరమేమి? తండ్రి కుదిర్చిన పెండ్లికి వచ్చినాడు, అంతే.

ఇన్నియేండ్లకు ఇదంతయు జ్ఞప్తికి వచ్చుటకు మా మనుమడు కారణము. అమెరికాలో పెరుగుచున్న పదునాలుగేండ్ల బాలుడు. వేసవి సెలవులకు వచ్చినప్పుడు ఒక లావుపాటి నవల చేతబట్టుకొని దిగినాడు. అక్కడ 1974 నుండి ఒక ఆట గలదట. బల్లచుట్టును కూర్చుండి, ఒక్కొక్కరు ఒక వీరుని పాత్ర స్వీకరించి, పాచికలు వేయుచు, కథను తామే నడుపుకొందురు. పాచికలు కూడ ఆరు ముఖములవి మాత్రమే కావు, ఇరువది ముఖములవియు గలవు. నేనది విని, మా చింతచెట్టు సముద్రము దాటిపోయినదే యనుకొంటిని. ఆ యాటను బట్టి నవలలు పుట్టినవి. 1984లో మార్గరెట్ వైస్, ట్రేసీ హిక్‌మన్ అనువారిద్దరు మొదలుపెట్టిన నవలలలో రైస్ట్‌లిన్ అను మాంత్రికుడొకడున్నాడు. బంగారువన్నె చర్మము, గడియారపు ఇసుకబుడ్డి యాకారముగల కనుపాపలు, ఎడతెగని దగ్గు. కవల సోదరుడు మహాబలుడు. వీడు నాలుగడుగులు నడిచిన ఆయాసపడును. రానురాను నల్లని విద్యలకు లోబడినవాడు. ధర్మపరులైన వీరులు అన్ని విధములవారు కథలో నుండగా, చదువరులలో ఎందరో వీనినే మెచ్చుకొని తగవులాడుదురట. ఇంగ్లండులో 1790 ప్రాంతమున విలియం బ్లేక్ అను కవి, మిల్టన్ మహాకవి తనకు తెలియకయే సైతాను పక్షము వహించినాడని వ్రాసెను. కావున ఈ వ్యాధి క్రొత్తది కాదు.

"అంతమంది మంచివారుండగా నీకు ఈ దగ్గువాడేలరా?" అని మనుమని అడిగితిని. ఆ ప్రశ్న నా నోట వెలువడునప్పుడే మామ గొంతు వినబడినట్లయి సిగ్గుపడితిని. మనుమడు కొంతసేపు పుస్తకపు అట్ట గీరుచుండెను. వానికి పసితనమునుండి ఉబ్బసము. "అందరు వానిని మోయవలసినవాడనే చూచుదురు తాతా. మంత్రము మాత్రము వాడే నేర్చుకొన్నాడు" అనెను. నేను మరల ప్రశ్నింపలేదు.

ఆ రాత్రి వానికి బండి కథ చెప్పితిని, నా యబద్ధముతో సహా. ఆ తరువాత ఆ జీతగాడేమైనాడని వాడడిగెను. చెప్పవలసినది ఇంకొకటి మిగిలియుండెను. అప్పు తీరిన పిమ్మట వాడు మా యిల్లు విడిచి ప్రొద్దుటూరు చేరి, ప్రత్తి అంగడిలో హమాలీగా కుదిరెను. ఇరువదియేండ్లకు సంతలో కనబడినాడు, జుట్టు నెరసినది. కాఫీ త్రాగుదము రమ్మని పిలిచి, ఆనాడు నేను చెప్పినది అబద్ధమని యొప్పుకొంటిని. "తెలుసులే సామీ" యనెను. నాకు వేరు మాట తోచక, ఇప్పటికిని నీకు ఫకీరేనా యిష్టమని యడిగితిని.

వాడు లోటాలోని కాఫీ చల్లార్చుకొనుచు ఆలోచించెను. "కాదు. చిలుక" అనెను. ఫకీరు ప్రాణము ఏడు సముద్రముల కావల చిలుకలోనున్నది గదా, ఆ చిలుక. "అది ఎవరి జోలికి పోయింది సామీ? ఎవని ప్రాణమో దానిలో దాచినారు. పట్టుకొని కాళ్లు విరిచినారు, రెక్కలు విరిచినారు. చూచేవాండ్లందరు చప్పట్లు కొట్టినారు. నేనూ కొట్టినాను."

మనుమడు చాలసేపు మాటలాడలేదు. తరువాత దీపము దగ్గర కూర్చుండి తన యాటకాగితము నొకదానిని దీసి, పైన చిలుక యని వ్రాసి, దానికి బలమెంత, తెలివియెంత, ఆయుర్దాయమెంత యని తేల్చుటకు పాచికలు వేయుచుండగా చూచితిని.